పాత పికప్ బెంచ్ సీటు: పైన కొత్త రెగ్జిన్ తొడిగితే సరిపోదా?

పాతబండి_మోజు
నా పికప్ నాకంటే వయసులో పెద్దది. ఇంజిన్‌కి ఏ రోగమూ లేదు, గేర్లు వెన్నలా పడతాయి, సీటే ప్రాణం తీస్తోంది. ముగ్గురు కూర్చునే ఒకటే పొడుగాటి బెంచ్ సీటు. డ్రైవర్ తలుపు పక్కన రెగ్జిన్ జానెడు మేర చిరిగింది, లోపలి స్పాంజి రంపప్పొట్టులా రాలుతోంది, దిగిన ప్రతిసారీ ప్యాంటు దులుపుకోవాల్సిందే. కూర్చునే చోట గొయ్యి పడింది. ఆ గోతిలోంచి స్టీరింగ్ పట్టుకుంటే చిన్నపిల్లాడు నాన్న బండెక్కి ఆడుకుంటున్నట్టు ఉంటుంది. అరగంట నడిపితే నడుం పట్టేస్తోంది.

నా ఆలోచన ఇదీ. పాత రెగ్జిన్ పీకకుండా దాని మీదే రెండంగుళాల ఫోము పరిచి, పైన కొత్త రెగ్జిన్ లాగి బిగించేయడం. ఒక ఆదివారం పని అనుకుంటున్నా. మా స్నేహితుడేమో ఈ సీటే తీసి పారేసి ఈమధ్య బండ్ల సీట్లు రెండు తెచ్చి పెట్టుకోమంటున్నాడు. ఏది నయం? ఇంట్లో మామూలు కుట్టుమిషన్ ఉంది. ప్యాంటు అంచు మడిచి కుట్టడం వరకు నాకు వచ్చు.

రెంచి_రాజా
ఆదివారం పనే. ఏ సంవత్సరం ఆదివారం అన్నదే తేలాలి.

సూదీదారం
పాతదాని మీద పరచడం మాత్రం చెయ్యకండి. పైన పటారం లోన లొటారం అంటే అదే. నేను సీట్ల కుట్టు పని చేస్తాను, ఇలా పైపైన తొడిగినవి ఏడాది తిరక్కుండానే మా దగ్గరకి వస్తాయి. కారణం సింపుల్. గొయ్యి పడింది రెగ్జిన్‌లో కాదు, కింద. స్ప్రింగు విరిగి ఉంటుంది, లేదా స్ప్రింగుకీ స్పాంజికీ మధ్య ఉండే గోనెపట్టా చీకిపోయి స్ప్రింగు తీగ స్పాంజిని కోసుకుంటూ పైకి వస్తూ ఉంటుంది. ఆ గోతి మీద ఎంత మంచి ఫోము వేసినా అదీ గోతిలోకే దిగుతుంది.

ముందు సీటు బయటికి తీసి తిరగేసి కింద ఏముందో ఫోటోలు తీసి పెట్టండి. అప్పుడు మాట్లాడదాం.

బకెట్‌సీటు_భక్తుడు
మీ స్నేహితుడు చెప్పిందే కరెక్ట్. పాత బెంచ్ సీటుకి తల ఆనించుకునేది ఉండదు, పక్కకి ఆధారం ఉండదు, మలుపు తిరిగితే ఈ చివర నుంచి ఆ చివరకి జారుకుంటూ పోవడమే. నేను రెండు విడి సీట్లు పెట్టించుకున్నా, నడుం నొప్పి మాయం. పాతదాని మీద ఇంత మోజెందుకో నాకర్థం కాదు.

పాతబండి_మోజు
@బకెట్‌సీటు_భక్తుడు పేరులోనే ఉంది కదండీ మోజు.

నాలుగుచక్రాలు
విడి సీట్లు పెట్టడం వినడానికి తేలిక. చేసినవాణ్ని నేను, నా మాట వినండి. కొత్త సీటు పట్టాల రంధ్రాలు పాత ఫ్లోర్ రంధ్రాలకి కలవవు. మధ్యలో గేర్‌బాక్స్ ఉబ్బు అడ్డం వస్తుంది. ఎత్తు తేడా వస్తే ఒకటి తల పైకప్పుకి తగలాలి, లేదంటే మోకాళ్ళు స్టీరింగ్‌కి తగలాలి. నాకు రెండూ తగిలాయి.

దానికన్నా ముఖ్యం, ఈమధ్య బండ్లలో కొన్ని సీట్లకి బెల్టు సీటులోనే బిగించి ఉంటుంది, తలుపు పక్కనుండే పిల్లరుకి కాదు. గుద్దుకున్నప్పుడు మనిషి బరువంతా బెల్టు మీద పడితే ఆ లాగుడు సీటు కాళ్ళ ద్వారా ఫ్లోర్ మీదికి వస్తుంది. కొత్త బండి ఫ్లోర్ దానికి తగ్గట్టు కడతారు. మన పాత పికప్ ఫ్లోర్ రేకు ఆ పని కోసం పుట్టలేదు. బోల్టు బిగిసినంత మాత్రాన పట్టుకుంటుందని కాదు. ఇంకోటి, సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉన్న రకం అయితే దాని కవర్ విప్పడం, మీద ఇంకో కవర్ తొడగడం రెండూ వద్దు. కింద పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే ఆ సీటు జోలికే వెళ్ళకండి.

బకెట్‌సీటు_భక్తుడు
నాది బెల్టు పిల్లరుకే ఉన్న సీటు. అన్నీ చూసుకునే పెట్టించా. అందరూ అలా చూడరు, అది ఒప్పుకుంటా.

ఊరికే_చూస్తున్నా
ఈ దారంలో దారం గురించే మాట్లాడతారా, ఇంకేమైనా ఉందా?

సూదీదారం
@ఊరికే_చూస్తున్నా దారం దగ్గరికీ వస్తాం, కంగారు పడకండి.

పాతబండి_మోజు
సీటు తీద్దామని కూర్చున్నా. నాలుగు బోల్టులు. రెండు వచ్చాయి. మూడోది తుప్పు పట్టి కదలనంటోంది, నాలుగోదాని తల నున్నగా అరిగిపోయింది, పానా జారిపోతోంది. గ్యాస్ మంటతో కాల్చి ఎర్రగా చేస్తే వస్తుందని ఎక్కడో విన్నా, ప్రయత్నించనా?

తుప్పు_వైరి
వేడి చేస్తే వస్తుంది. ఎప్పుడూ నేను అదే చేస్తా. ఇనుము వ్యాకోచించి తుప్పు పొర చిట్లుతుంది.

నాలుగుచక్రాలు
ఆగండి ఆగండి. మంట వద్దు!! @పాతబండి_మోజు మీ బండిలో పెట్రోల్ ట్యాంకు ఎక్కడుంది? పాత పికప్‌లలో చాలావాటికి ట్యాంకు క్యాబిన్ లోపలే, సరిగ్గా సీటు వెనకే ఉంటుంది. 1967 నుంచి 72 వరకు వచ్చిన షెవర్లే సీ10 అలాంటిదే. అక్కడ మంట పెడితే సీటు రిపేరు అవసరం ఇక ఉండదు.

పాతబండి_మోజు
...సీటు వెనకే ఉంది. పెట్రోల్ వాసన వస్తూనే ఉంటుంది, పాత బండి కదా అని పట్టించుకోలేదు.

తుప్పు_వైరి
నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ట్యాంకు లోపల ఉన్న బండి నేనెప్పుడూ చూడలేదు. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలెయ్, పొద్దున మళ్ళీ కొట్టు. వీలైతే బండి కిందకి దూరి అటువైపు మర మీద కూడా కొట్టాలి, పైనుంచి ఒక్కటే కొడితే లోపలికి దిగదు. తర్వాత విప్పే వైపు ఒకేసారి బలం పెట్టకుండా, ఒక పావు చుట్టు బిగించే వైపు, ఒక పావు విప్పే వైపు, అలా ఊపుతూ రా. తల అరిగినదానికి ఒక సైజు చిన్న సాకెట్ సుత్తితో కొట్టి ఎక్కించు.

వాసన సంగతి ముందు చూడు తమ్ముడూ. సీటు తీశాక ట్యాంకు మీది గొట్టాలు, మూత దగ్గర రబ్బరు కనపడతాయి. రబ్బరు గొట్టం పగుళ్ళిచ్చి ఉంటే ఇప్పుడే మార్చెయ్, మళ్ళీ సీటు పెట్టాక చేయి దూరదు.

గ్యారేజీ_గోల
సీటు కింద ఏం దొరికాయో చెప్పడం మర్చిపోకండి. నాకు 10 నంబరు పానా దొరికింది. పోయినప్పుడు నేను తిట్టిన మనుషులందరికీ క్షమాపణ చెప్పుకున్నా.

రెంచి_రాజా
నాకు 10 నంబరు తప్ప అన్నీ దొరికాయి.

పాతబండి_మోజు
వచ్చేసింది! రెండు రాత్రులు నూనె తాగించాక మూడోది కిర్రుమని తిరిగింది. నాలుగోది చిన్న సాకెట్ కొడితే వచ్చింది. ట్యాంకు మీద ఒక రబ్బరు గొట్టం నిజంగానే పగిలి ఉంది, మార్చేశా, వాసన పోయింది. ఈ ఒక్కదానికే ఇక్కడ అడిగిన ఫలం దక్కింది.

సీటు తిరగేశా. మెలికలు మెలికలుగా ఉండే స్ప్రింగులు వరసగా ఉన్నాయి. డ్రైవర్ వైపు చివరిది విరిగింది, దాని పక్కది కొక్కెంలోంచి ఊడి వేలాడుతోంది. గోనెపట్టా సగం లేదు. మిగతా సగంలో ఎలుకలు కాపురం పెట్టి వెళ్ళినట్టున్నాయి, గూడు, పెంటికలు, అన్నీ. చీపురుతో ఊడ్చేసి మొదలుపెడతా.

సూదీదారం
పొడిగా ఊడ్వకండి! ఎలుక పెంట దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే జబ్బులొస్తాయి, హాంటా వైరస్ లాంటివి అలాగే అంటుకుంటాయి. ముందు బ్లీచింగ్ కలిపిన నీళ్ళు చల్లి బాగా తడిపి కాసేపు ఉంచండి, చేతికి గ్లవ్స్, ముఖానికి మాస్కు వేసుకుని తడిబట్టతో ఎత్తి పారెయ్యండి. ఆ స్పాంజి మొత్తం పారేయాల్సిందే. ఎలుక తోలు తెచ్చి ఏడాది ఉతికినా అన్నట్టు, వాసన వదలదు.

మీరు చెప్పినదంతా నేననుకున్నట్టే ఉంది. తలుపు వైపు చివరి స్ప్రింగే ముందు విరుగుతుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మనిషి బరువంతా ఆ అంచు మీదే పడుతుంది కదా.

వెల్డింగు_వెంకన్న
స్ప్రింగు విరిగితే వెల్డింగు పెట్టేస్తే పోయె. ఫ్రేము పగిలినా అదే మందు.

స్ప్రింగు_బాబాయ్
ఫ్రేముకి వెల్డింగు సరే. స్ప్రింగుకి పెట్టొద్దు. స్ప్రింగు ఉక్కుకి బిగువు వచ్చేదే ఆ తీగని తయారుచేసే పద్ధతి వల్ల, మళ్ళీ వెల్డింగు వేడి తగిలితే ఆ చోట బిగువు పోతుంది, అతుకు గట్టిగానే ఉంటుంది గానీ అతుకు పక్కన టక్కున విరుగుతుంది. అదే మందం, అదే పొడుగు కొత్త ముక్క వెయ్. ఊడినదానికి కొక్కెం ఒక్కటి మారిస్తే చాలు. కొక్కెంలో చిన్న గుడ్డ ముక్కో ప్లాస్టిక్ తొడుగో పెట్టు, లేకపోతే ఇనుమూ ఇనుమూ రాసుకుని కుయ్యోమంటూనే ఉంటుంది, ప్రతి గతుకులో.

స్ప్రింగు బలంగా లాగి పెట్టాలి, జాగ్రత్త. నా చేతి మీద ఇప్పటికీ మచ్చ ఉంది.

వెల్డింగు_వెంకన్న
మా బండి స్ప్రింగు వెల్డింగు పెట్టి నాలుగేళ్ళయింది బాబాయ్, విరగలేదే.

స్ప్రింగు_బాబాయ్
నీ బండి నాలుగేళ్ళుగా షెడ్డులోంచి కదల్లేదని నువ్వే ఇంకో చోట రాశావు కదరా.

వెల్డింగు_వెంకన్న
అవన్నీ గుర్తుంటాయా మీకు.

పాతబండి_మోజు
ఫ్రేము కడ్డీ ఒక చోట పగులు ఉంది, అది వెల్డింగు పెట్టించి తుప్పు గీకి రంగు వేస్తా. స్ప్రింగులు కొత్తవి. ఇప్పుడు ఫోము. ఇక్కడే తికమక. 32 అంటాడొకడు, 40 అంటాడొకడు, నంబరు ఎక్కువైతే గట్టిగా ఉంటుంది అంటాడు ఇంకొకడు. నాకు గట్టి సీటు వద్దు.

సూదీదారం
అందరూ పొరపడేది ఇక్కడే. ఆ నంబరు సాంద్రత, అంటే ఘనపు మీటరు ఫోము ఎన్ని కిలోలు తూగుతుంది అన్నది. మెత్తనా గట్టా అన్నది వేరే లెక్క. ఫోముని దాని మందంలో నాలుగో వంతు లోపలికి నొక్కడానికి ఎంత బలం కావాలో చూసి అది చెప్తారు. 40 సాంద్రతలో మెత్తటిదీ ఉంటుంది, గట్టిదీ ఉంటుంది. సాంద్రత చెప్పేది ఎన్నాళ్ళు మన్నుతుంది అని. తక్కువ సాంద్రత ఫోము కొన్న రోజు బ్రహ్మాండంగా ఉంటుంది, కొన్నాళ్ళకే చపాతీలా అణిగిపోతుంది.

కూర్చునే అడుక్కి 40కి తగ్గకుండా హెచ్‌ఆర్ రకం తీసుకోండి, నొక్కి వదిలితే వెంటనే పైకి లేస్తుంది. వీపు వైపు 30 చుట్టుపక్కల మెత్తటిది చాలు. సామాన్ల ప్యాకింగులో వచ్చే ఫోము వాడకండి. వాహనాల లోపలి సామగ్రికి మంట పాకే వేగం మీద కూడా ప్రమాణం ఉంది, అమెరికా 302 నంబరు ప్రమాణం ప్రకారం నిమిషానికి 102 మిల్లీమీటర్లు మించకూడదు. పక్కనే పెట్రోల్ ట్యాంకు పెట్టుకున్నవాళ్ళు ఇది మరీ చూసుకోవాలి.

రెంచి_రాజా
@సూదీదారం చపాతీ అన్నారు, ఇప్పుడు నా సీటు చూసినప్పుడల్లా ఆకలేస్తుంది.

నాలుగుచక్రాలు
మందం సంగతి కూడా చూడు. మెత్తగా ఉంటుందని ఆశపడి పాతదానికంటే రెండంగుళాలు ఎక్కువ వేశాను ఒకసారి. సీటు సోఫాలా తయారైంది. అద్దంలోంచి రోడ్డు బదులు సన్‌వైజర్ కనిపించేది. పాత స్పాంజిలో ఎవరూ కూర్చోని మధ్య భాగం ఉంటుంది కదా, అక్కడ కొలిచి అంతే మందం వెయ్.

కొత్తగా_చేరా
ఫోము కోయడం ఎలా? నేను కత్తెరతో కోస్తే మెట్లు మెట్లుగా వచ్చింది.

స్ప్రింగు_బాబాయ్
హ్యాక్‌సా బ్లేడు చేత్తో పట్టుకుని కొయ్యి, పైనుంచి నొక్కకుండా. నొక్కితే ఫోము అణిగి కింద లోపలికి వంకరగా తెగుతుంది. కరెంటుతో నడిచే వంటింటి కత్తి ఉంటే ఇంకా నున్నగా వస్తుంది. ఆ కత్తి మళ్ళీ వంటింట్లోకి పోకుండా చూసుకో, లేకపోతే ఇంట్లో జరిగే పంచాయితీకి నన్ను పిలవొద్దు.

పాతబండి_మోజు
స్ప్రింగుల మీద గోనెపట్టా మళ్ళీ వెయ్యాలా? స్ప్రింగు మీద నేరుగా ఫోము పెడితే?

సూదీదారం
తప్పకుండా వెయ్యాలి. లేకపోతే అయిదు నెలల్లో అదే గొయ్యి. గోనె వేసినా సరే, దళసరి కాన్వాసు గానీ అదిమిన ఫెల్టు గానీ ఉంటే ఇంకా మంచిది. అంచుల్లో హాగ్ రింగులతో ఫ్రేముకి కట్టెయ్యండి. ఇంగ్లీషు సీ అక్షరంలా ఉండే చిన్న తీగ ముక్కలవి, ప్రత్యేక పట్టకారుతో నొక్కితే కొసలు రెండూ ఒకదాని మీదికొకటి ఎక్కి త్రికోణంలా మూసుకుపోతాయి. మామూలు ప్లయర్‌తో కూడా చెయ్యొచ్చు గానీ రింగు జారి కంట్లో పడకుండా కళ్ళద్దాలు పెట్టుకోండి. ఆ పట్టకారు ఒకటి కొనుక్కోవడం నయం.

ఫోము మీద దూదిలా ఉండే పాలిస్టర్ వాడింగు పలచగా ఒక పొర చుట్టండి. మూలలు నున్నగా వస్తాయి, కవర్ కూడా తేలిగ్గా జారి ఎక్కుతుంది. ఫోము కవర్ కంటే అన్ని వైపులా ఒక సెంటీమీటరు పెద్దదిగా ఉంచండి, అప్పుడే బిగువుగా కూర్చుంటుంది.

పాతబండి_మోజు
మిగతాది కుట్టు. పాత కవర్ కుట్లు విప్పి, ముక్కలని కొత్త రెగ్జిన్ మీద పరిచి గీసుకుని కోసేస్తే చాలు కదా?

సూదీదారం
చాలు అనే అనుకుంటారు, అక్కడే సగం సీట్లు పాడవుతాయి.

విప్పకముందే ప్రతి ముక్క మీద నంబరు, ఏది పైకి, ఏది ముందుకి, సుద్దతో రాయండి. కుట్టు మీదుగా రెండు ముక్కల మీదా పడేలా అక్కడక్కడా అడ్డగీతలు గీయండి, కుట్టేటప్పుడు ఆ గీతలు మళ్ళీ కలవాలి. కలవకపోతే ఎక్కడో సాగిందని అర్థం. మధ్య గీత మరవొద్దు. ఫోటోలు తీయండి, తీసినన్ని చాలవు.

అసలు కిటుకు ఏమిటంటే డ్రైవర్ వైపు ముక్క నమూనాగా పనికిరాదు. ఏళ్ళ తరబడి కూర్చుని కూర్చుని సాగిపోయి ఉంటుంది. ఎవరూ ఎక్కువగా కూర్చోని వైపు ముక్క తీసుకుని దాన్నే తిరగేసి అద్దంలో బొమ్మలా రెండో వైపుకి వాడండి. కొలిచి చూడండి, రెండు ముక్కలకీ వేలెడు తేడా ఉంటుంది. ముందు దళసరి కాగితం మీదికి ఎక్కించి, ఆ కాగితంతో రెగ్జిన్ కోయండి. కుట్టు కోసం అంచున పన్నెండు మిల్లీమీటర్లు అన్ని చోట్లా ఒకేలా వదలండి.

కొత్తగా_చేరా
ఇది చదివి ఇప్పుడే వెళ్ళి కొలిచా. నా సీటు రెండు వైపులా 3 సెంటీమీటర్ల తేడా ఉంది!! నేను లావు అని నాకు ఇప్పుడు సీటు కూడా చెప్తోంది.

ఊరికే_చూస్తున్నా
దారం ఎప్పుడొస్తుంది?

సూదీదారం
వచ్చేసింది. నూలు దారం వద్దు, తేమకి కుళ్ళుతుంది. నైలాన్ గట్టిదే గానీ ఎండకి చచ్చిపోతుంది. బండి అద్దంలోంచి రోజంతా ఎండ పడుతుంది కాబట్టి పాలిస్టర్ బాండెడ్ దారం, వీ69 సైజు, దాన్నే టెక్స్ 70 అంటారు. దానికి 18 నంబరు సూది. కుట్టు పొడవు 4 నుంచి 5 మి.మీ. మధ్య పెట్టండి. దగ్గర దగ్గరగా కుడితే గట్టిగా ఉంటుందని బట్టల టైలర్లు అనుకుంటారు, రెగ్జిన్‌కి అది రివర్స్. పోస్టు బిళ్ళల షీటులా చిల్లులు పడి ఆ వరస వెంటే చిరుగుతుంది.

కత్తెర_కిట్టు
నేను తోలు కుట్టే సూది వాడతా, చక్కగా దిగుతుంది. ఎవరూ దాని గురించి చెప్పరేం?

సూదీదారం
@కత్తెర_కిట్టు తోలుకి మంచిదే. దాని కొన కత్తిలా కోసుకుంటూ దిగుతుంది. రెగ్జిన్‌లో ఆ కోత లాగుడుకి పెద్దదవుతుంది. గుండ్రటి కొన సూదే నయం.

కత్తెర_కిట్టు
పదేళ్ళుగా కుడుతున్నా, నాకేం చిరగలేదు. మీ దారి మీది, నా దారి నాది.

పాతబండి_మోజు
ఇంటి మిషన్ మీద పాత ముక్కలతో ప్రాక్టీసు చేశా. రెండు పొరలు బాగానే పోయింది. పైపింగ్, అదే కుట్టు వెంట తాడులా ఉబ్బుగా వచ్చే అంచు, దాని దగ్గర నాలుగు పొరలు ఒకచోట చేరేసరికి మూలుగుతోంది. కింద పొర ముందుకి పోయి పై పొర వెనకబడుతోంది. రెండు సూదులు విరిగాయి. మిషన్ నాది కాదు, ఇంటావిడది. టెన్షన్‌గా ఉంది, రెండర్థాల్లోనూ.

సూదీదారం
మందం దగ్గర మోటారుతో పోనివ్వకండి, పక్కన చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టు వేయండి. పాదం రెగ్జిన్‌కి అతుక్కుంటుంటే టెఫ్లాన్ పాదం మార్చండి, అది లేకపోతే పాదం అడుగున టేపు ముక్క అంటించినా జారుతుంది. గుండుసూదులు గుచ్చకండి, ఆ చిల్లు జన్మలో పూడదు, క్లిప్పులు పెట్టండి. సీటుకి పైపింగ్ లేకపోతే పనేం ఆగదు కూడా. మాకైతే పై పొరనీ కింద పొరనీ కలిపి నడిపించే మిషన్ ఉంటుంది. మీరు ముక్కలు కోసి నంబర్లు వేసి కుట్టేవాళ్ళకి ఇచ్చినా తప్పేం లేదు, కష్టమైన సగం మీరు చేసినట్టే.

బకెట్‌సీటు_భక్తుడు
ఇదంతా చదివాక నేను చేసిందే తెలివైన పని అనిపిస్తోంది.

రెంచి_రాజా
భక్తుడికి మళ్ళీ పూనకం.

తుప్పు_వైరి
ఈలోగా ఫ్లోర్ మాట ఎవరూ ఎత్తలేదు. సీటు బయట ఉండగానే కార్పెట్ ఎత్తి చూడు. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు, బోల్టు రంధ్రాల చుట్టూ మరీ. దిగబడితే అక్కడ పెద్ద వాషరు వేసి సరిపెట్టకు, కుళ్ళిన రేకు కోసి కొత్త రేకు అతికించాలి. నీళ్ళు ఎక్కడనుంచి వస్తున్నాయో కూడా కనుక్కో, ముందు అద్దం రబ్బరు దగ్గర కారుతుంటుంది. అది ఆపకుండా కొత్త ఫోము వేస్తే ఫోము నీళ్ళు పీల్చుకుని అలాగే పట్టుకుంటుంది.

పాత బోల్టుల బదులు మామూలువి వేయకు. తల మీద 8.8 గానీ 10.9 గానీ ఉన్నవి తీసుకో, పాతవాటికి తక్కువ కాకుండా. అంకెలేమీ లేని బోల్టు సీటుకి వద్దు.

పాతబండి_మోజు
ఫ్లోర్ గట్టిగానే ఉంది, పైపైన తుప్పే. గీకి రంగు వేశా. అద్దం రబ్బరు మాత్రం ఒక మూల కారుతోంది, నీళ్ళు పోసి చూశా.

కవర్ సంగతి. అడుగు కవర్ నేనే కుట్టా, పైపింగ్ లేకుండా. వీపు కవర్ కుట్టేవాళ్ళకి ఇచ్చా. ఇప్పుడు తొడగడం. ఎక్కట్లేదు! ఒక మూల ఎక్కిస్తే ఇంకో మూల ఊడి వస్తోంది. చిన్నదిగా కుట్టానా?

స్ప్రింగు_బాబాయ్
చిన్నదే ఉండాలి. ఎండలో గంట పెట్టు, రెగ్జిన్ మెత్తబడుతుంది. ఫోము మీద పలచటి ప్లాస్టిక్ షీటు కప్పి దాని మీద లాగు, జారుతూ పోతుంది. మూల నుంచి మొదలెట్టకు. మధ్య గీత పెట్టుకున్నావు కదా, అక్కడ ముందు రింగు వేసి, తర్వాత ఆ పక్క ఒకటి ఈ పక్క ఒకటి, అలా చివరలకి పో.

గ్యారేజీ_గోల
ఫోముని పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టి వాక్యూమ్ క్లీనర్‌తో గాలి లాగెయ్. సగానికి కుంచించుకుపోతుంది. కవర్ తొడిగి సంచికి చిల్లు పెడితే లోపల ఉబ్బుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను చప్పట్లు కొట్టా.

సూదీదారం
రెండూ పనిచేస్తాయి. గట్టి జిగురుతో కవర్‌ని ఫోముకి మొత్తం అంటించెయ్యకండి, తర్వాత సరిచేసుకోవడానికి ఉండదు. మధ్యలో లోపలికి దిగే గీతల్లో తీగ దూర్చి కింది తీగకి రింగులు వేయండి, పాత సీటులో ఎలా ఉందో అలాగే. ముడతలు మిగిలితే హెయిర్ డ్రయర్ దూరంగా పట్టి వేడి చేసి చేత్తో నిమరండి. దగ్గర పెడితే మెరుపు మరక పడుతుంది, అది పోదు.

పాతబండి_మోజు
గాలి లాగే పద్ధతి అద్భుతం. అడుగు సీటు ఎక్కింది. చిన్న ముడత ఒకటుంది, తలుపు వైపు, నేను తప్ప ఎవరూ చూడరు, నేను మాత్రం రోజూ చూస్తా. రేపు వీపు. హాగ్ రింగు పట్టకారు ఎక్కడో పెట్టా, కనపడట్లేదు, మిగతా రింగులు మామూలు ప్లయర్‌తో వేస్తా.

కొత్తగా_చేరా
రెగ్జిన్ తర్వాత పగలకుండా ఏం రాయాలి? మెరిసే పాలిష్ ఉంటుంది కదా, అది?

సూదీదారం
రెగ్జిన్‌ని మెత్తగా ఉంచే పదార్థం ఎండకీ వేడికీ మెల్లగా బయటికి పోతుంది, అందుకే గట్టిబడి పగులుతుంది. పాలిష్ దాన్ని తిరిగి పెట్టదు. కాస్త సబ్బు నీళ్ళ గుడ్డతో తుడిచి, ఆరుబయట పెట్టినప్పుడు అద్దం మీద ఏదైనా కప్పండి. అంతే. మెరిసే పాలిష్ రాసిన బెంచ్ సీటు మీద మొదటి మలుపులోనే తెలుస్తుంది ఎందుకు వద్దన్నానో.

పాతబండి_మోజు
సీటు బండిలో పెట్టా! బోల్టులు 10.9, రెండు పట్టాలూ ఒకేసారి జారుతున్నాయి, బెల్టు బోల్టులు కూడా కదిలించి మళ్ళీ బిగించా. కూర్చుంటే ఇప్పుడు బానెట్ కనిపిస్తోంది, ఇన్నేళ్ళలో మొదటిసారి. పది కిలోమీటర్లు తిప్పి వచ్చా, నడుం ఏమీ అనలేదు.

ఒక్క గోల మాత్రం మిగిలింది. గతుకు వస్తే వీపు వెనక నుంచి ఠంగు ఠంగుమని శబ్దం. కుయ్ అనడం కాదు, ఠంగే. స్ప్రింగు కొక్కేలన్నిటికీ గుడ్డ పెట్టా, బాబాయ్ చెప్పినట్టే.

స్ప్రింగు_బాబాయ్
ఠంగుమంటే స్ప్రింగు కాదు. పట్టాల మధ్య సందు ఉందేమో చూడు. లేదా వీపు ఫ్రేము మడత దగ్గర పిన్ను వదులుగా ఉంటుంది.

వెల్డింగు_వెంకన్న
వెల్డింగు పెట్టేస్తే...

రెంచి_రాజా
వెంకన్నా, నువ్వు పక్కకి తప్పుకో.

గ్యారేజీ_గోల
@పాతబండి_మోజు ఒక్క ప్రశ్న. ఆ పట్టకారు దొరికిందా?

పాతబండి_మోజు
ఎందుకు?

పాతబండి_మోజు
ఆగండి.

పాతబండి_మోజు
వెనక అట్ట విప్పాలంటే మళ్ళీ ఇరవై రెండు రింగులు కోయాలి. ఎవరైనా నవ్వితే చెప్పండి, నేను ఇక్కడ పోస్టు చెయ్యడం మానేస్తా.

రెంచి_రాజా
విప్పేటప్పుడు 10 నంబరు పానా కూడా కనిపిస్తే, అది నాది.